రెండో కాలమ్‌లో తొంభై ఒకటి

జూన్ 3

ఈ డైరీ మా ఆవిడ కొనిచ్చింది. "మీ చిరాకులన్నీ ఇందులో రాసుకోండి, నాకు చెప్పకండి" అంది. మంచి ఆలోచనే. డైరీ ఎదురు మాట్లాడదు.

ఈ రోజు కొత్త పీజీ డాక్టర్లకి నా పాఠం. ఈ ఆసుపత్రి పరిశోధన విభాగంలో లెక్కలు చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి ఒక పరీక్ష జబ్బుని ఎంత సరిగ్గా పడుతుందో చూపించే ఆర్.ఓ.సి. కర్వ్ పాఠం పన్నెండేళ్ళుగా నాదే. మందుల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పే మేధావులు, అంకెల టేబుల్ ఒకటి ముందు పెట్టేసరికి తప్పిపోయిన పిల్లల్లా దిక్కులు చూస్తారు. వాళ్ళకి ఒక్కొక్క ముక్కే నోట్లో పెట్టాలి. వందమంది రోగులొస్తే పరీక్ష ఎంతమందిని పట్టుకుంటుందో అది సెన్సిటివిటీ. వందమంది ఆరోగ్యవంతులొస్తే ఎంతమందిని "నీకేం లేదు, ఇంటికెళ్ళు" అని పంపిస్తుందో అది స్పెసిఫిసిటీ. సాఫ్ట్‌వేర్ మొదటి కాలమ్‌లో మొదటిది ఇస్తుంది. రెండో కాలమ్‌లో మాత్రం రెండోది ఇవ్వదు. దాన్ని ఒకటిలోంచి తీసేసి మిగిలింది ఇస్తుంది. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఎంతమందిని ఉత్తపుణ్యానికి భయపెట్టిందో ఆ లెక్క. కాబట్టి మొదటి కాలమ్ పెద్దదిగా ఉండాలి, రెండోది చిన్నదిగా ఉండాలి.

"రెండూ పెద్దవే వచ్చాయని చంకలు గుద్దుకునేవాళ్ళు డాక్టరు చదువు మానేసి లాటరీ టికెట్లు అమ్ముకోవచ్చు" అన్నాను. నవ్వారు. ఏటా అక్కడే నవ్వుతారు. నేనూ ఏటా అక్కడే ఓ క్షణం ఆగుతాను.

జూన్ 4

ఉదయం థీసిస్ అమ్మాయి వచ్చింది. పీజీ చివరి ఏడాది. మాటకి ముందూ వెనకా "సార్" లేకుండా మాట్లాడలేదు. వాళ్ళ గైడు మా డైరెక్టర్ గారు. ఆయనకి మేమంతా పెట్టుకున్న పేరు మైకు. పుట్టగానే ఆయన ఏడవలేదని, "సభకు నమస్కారం" అన్నారని క్యాంటీనాయన చెబుతుంటాడు.

థీసిస్ విషయం లివర్ స్కోరు. రక్తంలో మూడు పరీక్షలు చేసి ఒక అంకె కడతారు. ఆ అంకె కటాఫ్, అంటే మనం గీసుకున్న హద్దు, దాటితే లివర్ గట్టిపడుతోందని అనుమానం. ఖాయం చెయ్యడానికి పక్కటెముకల మధ్యనుంచి సూది దించి లివర్ ముక్క కొంచెం తీస్తారు, అది బయాప్సీ. ఆ కటాఫ్ ఎంతో నేను చెప్పాలి. అమ్మాయి అయిదు పేజీల ప్రింటవుట్ తెచ్చింది. గుమ్మంలో మైకు నిలబడి కారు తాళాలు తిప్పుతున్నారు.

"మాస్టారూ, ఒక్క నంబరు చెప్పండి. పోస్టరు ప్రింటుకి వెళ్ళాలి. క్యాంపు డేటు కూడా ఇచ్చేశాను."

ఒక్కో కటాఫ్‌కి ఒక్కో వరస. వాటి మీద వేలు పెట్టి కిందికి జారుతూ వెళ్ళాను. 1.45 దగ్గర 0.97, పక్కన 0.91. ఇంత కలిసొచ్చిన వరస ఈ మధ్యకాలంలో చూడలేదు. నా ఆకుపచ్చ పెన్నుతో గుండ్రం చుట్టి సంతకం పెట్టాను. కర్వ్ కింద ఏరియా (ఒకటైతే అద్భుతం, అర అయితే బొమ్మా బొరుసూ) 0.68 అని కాస్త నీరసంగానే ఉంది. పర్వాలేదు, ఏరియా అన్నది మొత్తం కర్వ్‌కి సగటు లాంటిది, మన చుక్క మంచిచోట పడింది.

"సార్, ఒక్కసారి ఆ…" అంది అమ్మాయి.

"అమ్మా, పన్నెండేళ్ళుగా ఇదే పని" అన్నాను.

మైకు నా భుజం తట్టారు. "మీలాంటివాళ్ళు ఉండాలి మాస్టారూ" అన్నారు. నా కాంట్రాక్టు ఈ నెల ముప్పయ్యో తారీఖున అయిపోతుంది. పొడిగించే సంతకం ఆయనదే. మొత్తం పని నాలుగు నిమిషాల్లో అయింది.

జూన్ 5

పోస్టరు వచ్చింది. "97 శాతం, 91 శాతం." కింద చిన్న అక్షరాల్లో నా పేరు. మెట్ల దగ్గర ఎవరూ చూడకుండా రెండుసార్లు చదువుకున్నాను.

జూన్ 11

క్యాంపు. ముందు మన సిబ్బంది, వాళ్ళ కుటుంబాలు. మొత్తం నూట నలభై మంది రక్తమిచ్చారు. నూట ఇరవై ఎనిమిది మందికి పాజిటివ్.

మైకు మొహం వెలిగిపోయింది. "చూశారా, ఇంత జబ్బు మన కళ్ళముందే తిరుగుతోంది. మనం కనిపెట్టకపోతే వీళ్ళేమైపోయేవారు?" అని పావుగంట మాట్లాడారు. ఆయన స్కోరు 1.41, కటాఫ్‌కి కిందే. ఆ కాగితాన్ని సగం బయటికి కనబడేలా చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

క్యాంటీనాయనది 1.6. క్యాంటీన్‌లో వాడే నూనె చూస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సెక్యూరిటీ, ల్యాబు, ఆఫీసు, అందరూ పాజిటివే. మనుషులు ఒంటి గురించి ఎంత అశ్రద్ధగా ఉంటారో.

నేను రక్తం ఇవ్వలేదు. లెక్కలు చూసేవాడు ఆ లెక్కలో ఉండకూడదు. అది పద్ధతి. సూదంటే భయమని మా ఆవిడ అనుకుంటుంది, అనుకోనీ.

ఆవిడ ఇచ్చింది. "మన టెస్టు, మన ఇంట్లోవాళ్ళే ఇవ్వకపోతే ఎలా" అని నేనే పంపాను. 1.93.

జూన్ 12

బయాప్సీలు ఇరవయ్యో తారీఖు నుంచి, రోజుకి పదిమంది చొప్పున. ఆవిడ టోకెన్ ముప్పై ఒకటి.

"మీరు చూసిన లెక్కే కదా. తప్పుండదు కదా?" అని అడిగింది.

"తొంభై ఏడు శాతం" అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట కాస్త గర్వంగానే అన్నట్టున్నాను.

జూన్ 13

మా ఆవిడకి ఇంటి ముందుగదిలో కుట్టు షాపు. ఈ రోజు కొత్త బట్టలు తీసుకోలేదు. సగం కుట్టినవాటికి ఒక్కోదానికి చీటీ రాసి గుండుసూదితో గుచ్చుతోంది. ఎవరిది, ఎంత అయింది, ఇంకా ఏం మిగిలింది.

"ఎందుకివన్నీ?"

"నేను చెయ్యలేకపోతే వేరేవాళ్ళకి అర్థమవ్వాలిగా."

మాట మామూలుగానే అంది. నాతో రెండు రోజులుగా మంచిగా మాట్లాడుతోంది. అదే నాకు బాగోలేదు. ఆవిడకి ఏమన్నా అయితే నేనేం చెయ్యాలి? ఈ ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో కూడా నాకు తెలియదు.

జూన్ 14

థీసిస్ అమ్మాయి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, క్యాంపులో తొంభై ఒక్క శాతం పాజిటివ్ వచ్చింది సార్."

"వచ్చింది."

"మనం తీసుకున్న వరసలో రెండో కాలమ్ కూడా పాయింట్ నైన్ వన్నే సార్."

"అయితే?"

"ఏం లేదు సార్. ఒక్కసారి చూస్తారేమోనని."

నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న నా పాఠం విన్న పిల్ల నాకు కాలమ్‌లు నేర్పడానికి వచ్చింది. ఆ మాటే అన్నాను. ఇంకా రెండు మూడు మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయను. అమ్మాయి ప్రింటవుట్ నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లలకి చిన్నంతరం పెద్దంతరం లేదు. అసలు టేబుల్ తెచ్చింది ఎవరు? తప్పంటూ ఉంటే తెచ్చినవాళ్ళదే అవ్వాలి.

అదే రోజు, సాయంత్రం

కాలమ్ పేరు చదివాను.

జూన్ 15

ఒకటిలోంచి తీసేసి చూపించమని ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాణ్ణి ఎవరు అడిగారు? ఉన్నదాన్ని ఉన్నట్టు ఇస్తే వాడి సొమ్మేం పోయింది? బోలెడన్ని తప్పులకి కారణం ఇదే. దీని మీద ఒక వ్యాసం రాయాలి.

వంద మంది ఆరోగ్యవంతులొస్తే మా పరీక్ష తొంభై ఒక్కమందికి జబ్బుందని చెబుతుంది. తొమ్మిదిమందిని ఇంటికి పంపిస్తుంది. ఆ తొమ్మిదిమంది కోవలోకి మైకు వచ్చారు.

టేబుల్ మొత్తం ఇప్పుడు కూర్చుని చూశాను. మొట్టమొదటి వరసలో రెండు కాలమ్‌ల్లోనూ 1.000 ఉంది. ఎవరొచ్చినా రోగే అని చెబితే వచ్చే అంకె అది. నేను అక్కడ చుట్టి ఉంటే పోస్టరు మీద నూటికి నూరు, నూటికి నూరు అని పడేది. వినయం గలవాణ్ణి కాబట్టి 1.45 దగ్గర ఆగాను.

సరైన చోటు 2.60 దగ్గర. వందమంది రోగుల్లో డెబ్బైమందిని పడుతుంది, వందమంది ఆరోగ్యవంతుల్లో ముప్పై ఎనిమిది మందిని భయపెడుతుంది. ఏరియా 0.68 ముందునుంచీ చెబుతున్నది అదే. సాదాసీదా పరీక్ష, పోస్టరుకి పనికిరాదు.

ఆవిడది 1.93, 2.60 కి బాగా కింద. ఆవిడకి ఏమీ లేదు. ఈ వాక్యం రాశాక కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

జూన్ 16

ఆలోచించాను. ముప్పయ్యో తారీఖుకి పధ్నాలుగు రోజులుంది. ఇప్పుడు నోరు విప్పితే సంతకం ఉండదు. సంతకం సంగతి అలా ఉంచినా, ఏటా లాటరీ టికెట్ల జోకు వేసే మనిషిని నేను. ఆ పిల్లల ముందు మళ్ళీ ఏ మొహం పెట్టుకుని నిలబడను?

ముందు ఇంట్లోది చూసుకుందాం. తరవాత మిగతాది. పొద్దున ఆవిడతో అన్నాను.

"నీకేం లేదులే. అంతా సర్దుకుంటుంది."

ఆవిడ మిషన్ ఆపింది. "ఇల్లు కారినప్పుడూ ఇదే అన్నారు. గోడ పడిపోయింది. మీకు గుండెలో మంట వచ్చినప్పుడూ ఇదే అన్నారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో పడుకున్నారు. నా దగ్గర దాచొద్దండి. ఎంత ముదిరిందో చెప్పండి."

"ముదరలేదు. అసలు లేదు."

"ఏడవడానికి వెనక గదిలోకి వెళ్తున్నారు. నేను చూస్తూనే ఉన్నాను."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నిజం చెబుతుంటే ఆవిడ నమ్మడం లేదు.

జూన్ 17

మైకు గదికి వెళ్ళాను. మొత్తం చెప్పేద్దామనే వెళ్ళాను. ఇది నిజం. మెట్ల మీద ఆ వాక్యాన్ని మూడుసార్లు అనుకున్నాను కూడా.

"సార్, మా ఆవిడ బయాప్సీ కొంచెం వాయిదా వేద్దామా అని."

"ఏం?"

"భయపడుతోంది సార్."

"మీ ఆవిడే భయపడితే మిగతావాళ్ళ సంగతేంటి మాస్టారూ? లెక్క కట్టిన మనిషి ఇంట్లోవాళ్ళే వెనక్కి తగ్గారంటే బయట ఏమనుకుంటారు?" కాసేపు నన్నే చూశారు. మొహంలో మళ్ళీ ఆ వెలుగు వచ్చింది. "అలా కాదు, ఆవిడే మొదటి టోకెన్. ఇరవయ్యో తారీఖు. ఫొటో కూడా బాగా వస్తుంది."

"సరే సార్" అన్నాను.

పన్నెండేళ్ళుగా ఆ గదిలో నాకు ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ తట్టలేదు.

జూన్ 18

ఏమీ చెయ్యలేదు.

జూన్ 19

క్యాంటీనాయన కాఫీ తెచ్చిస్తూ నిలబడిపోయాడు. "మాస్టారూ, సూది తరవాత బరువులెత్తొచ్చా? గిన్నెలన్నీ నేనే దించుకోవాలి." ఎత్తొద్దని చెప్పాను. తల ఊపి వెళ్ళాడు. ఆయన టోకెన్ ఆరు.

నేను ఇంటికి వెళ్ళి ప్రింటవుట్ కుట్టుబల్ల మీద పరిచాను. రెండు కాలమ్‌లూ, ఆకుపచ్చ గుండ్రం, అన్నీ చూపించి చెప్పాను. ఇంత తేలిగ్గా ఏ పీజీకీ అర్థం కాలేదు.

"అంటే, గుడ్డలో కత్తిరించి పారేసిన ముక్క పొడుగు కొలిచి, మిగిలిన గుడ్డ ఇంత ఉందని రాసుకున్నారు."

"అంతే."

"తెలిసి ఎన్నాళ్ళయింది?"

"అయిదు రోజులు."

ఆవిడ చీటీలు గుచ్చిన బట్టల వైపు చూసింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"క్యాంటీనాయనకి చెప్పారా?"

"రేపు నువ్వు ఒంట్లో బాగోలేదని ఇంట్లో ఉండిపో. మిగతాది నేను నెమ్మదిగా, ముప్పై దాటాక…"

"ముప్పై లోపల వందమందికి సూదులు దిగుతాయి."

నేను ప్రింటవుట్ మడిచాను.

"రేపు నేను వెళ్తాను. మొదటి టోకెన్ నాదే కదా. సూది దిగేలోపు మీరు చెబితే లేస్తాను."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే మీ లెక్క ప్రకారం నాకు జబ్బే."

సూది దించాక కొందరికి లోపల రక్తం కారుతుంది. ఎంతమందికో నాకు తెలుసు. ఆ అంకె ఆవిడకి చెప్పలేదు.

జూన్ 20

అంతా జరిగినట్టే రాయాలి. అలా రాయలేకపోతే ఈ పుస్తకం ఇక్కడితో ఆపెయ్యాలి.

వరండాలో కుర్చీలు వేశారు. టోకెన్ల వాళ్ళు పదిమంది, వాళ్ళ తాలూకు మనుషులు, ఫొటో తీసేవాడు. పక్కనే సూది వేసే గది. ఫొటో కోసం తలుపు తీసే ఉంచారు. లోపల బల్ల మీద ఆవిడ పడుకుని ఉంది. గుమ్మం దగ్గర థీసిస్ అమ్మాయి ఫైళ్ళు పట్టుకుని నిలబడింది. మైకు మైకు పట్టుకుని మాట్లాడుతున్నారు. నేను రెండో వరసలో కూర్చున్నాను.

లోపల డాక్టరు ఆవిడ పక్కటెముకల దగ్గర దూదితో తుడిచాడు. నేను లేచాను. ధైర్యం వచ్చి కాదు, కాళ్ళే లేచాయి.

"సార్, ఆపాలి. కటాఫ్ తప్పు" అన్నాను.

మైకు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. మైకు నా చేతికి వచ్చింది. బాగానే చెప్పాను. పాజిటివ్ వచ్చినవాళ్ళలో చాలామందికి జబ్బు లేదని, ఎవరూ సూది వేయించుకోవద్దని, లెక్క మళ్ళీ కడతామని చెప్పాను. క్యాంటీనాయన టోకెన్‌ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వెనక ఎవరో ఏడ్చారు.

"తప్పా? ఎవరిది?" అన్నారు మైకు.

అక్కడ నేను ఆగాను.

"అంటే… పిల్లలు కదా సార్. తొందర. కాలమ్ పేరు చూసుకోరు."

నేను పేరు చెప్పలేదు. ఇది రాసి ఉంచుతున్నాను, నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఆ వరండాలో పిల్లలు అనదగ్గ మనిషి ఒక్కతే ఉంది. అందరూ అటే తిరిగారు. అమ్మాయి ఫైళ్ళ వైపు చూస్తూ నిలబడింది. "సార్" అని కూడా అనలేదు.

"అయితే ఆ థీసిస్ ఆపేద్దాం. విషయం అయిపోయింది" అన్నారు మైకు. అయిపోయిందని నేనూ అనుకున్నాను. ప్రాణం లేచి వచ్చినట్టయింది కూడా.

లోపల ఆవిడ అప్పటికే లేచి కూర్చుంది. చెప్పుల కోసం కాలు కిందికి చాపింది. ఆ కాలు మళ్ళీ పైకి తీసుకుని పడుకుంది.

"డాక్టరు గారూ, మీరు కానివ్వండి."

"అమ్మా, ఆపమంటున్నారు."

"ఎవరు? మా ఆయనేగా. ఆ నంబరు ఆయన పెన్నుతో చుట్టిందే. మా ఆయన తప్పు చెయ్యరండీ. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కటంటే ఒక్కటి చెయ్యలేదు. అందుకని టెస్టు కరెక్టే. కానివ్వండి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. డాక్టరు దూది పట్టుకుని ఒకసారి నన్నూ ఒకసారి ఆవిడనీ చూస్తున్నాడు. ఆవిడ పైకప్పు చూస్తోంది. పిడికిళ్ళు రెండూ బిగించి ఉన్నాయి. ఎగతాళి చేసినా ఆవిడకి నిజంగానే భయంగా ఉంది. సిగ్గుతో నా మొహం కాలిపోయింది.

"నాది" అన్నాను.

"వినపడలేదు మాస్టారూ" అన్నాడు క్యాంటీనాయన.

మైకు దగ్గరగా పెట్టుకున్నాను. "తప్పు నాది. చుట్టింది నేను. ఆ అమ్మాయి పధ్నాలుగో తారీఖునే వచ్చి చెప్పింది. తిట్టి పంపించాను."

ఈసారి వరండా చివరి దాకా వినపడింది.

జూన్ 30

ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు పొడిగించడం లేదట. నాలుగు లైన్లు, అచ్చు తప్పులు రెండు. ఈసారి జాగ్రత్తగా చదివాను.

థీసిస్ ఆగలేదు. అమ్మాయి 0.68 ని 0.68 గానే రాసింది. ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరికీ సూది వెయ్యకూడదని ముగించింది. నాకు చూపించింది. ప్రతి కాలమ్ పేరూ వేలు పెట్టి చదివి సంతకం పెట్టాను. క్షమించమని అడిగాను. "పర్వాలేదు సార్" అంది గానీ నా మొహం చూడలేదు. అది నేను భరించాల్సిందే.

మైకు వచ్చేవారం "పరిశోధనలో నిజాయితీ" మీద ఉపన్యాసం ఇస్తున్నారు. 1.41 కాగితం ఇంకా జేబులోనే ఉంది.

మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. ఆవిడ ఏదో చొక్కా కుడుతోంది. ఉత్తరం చదివి, మడిచి, కత్తెర కింద పెట్టింది. నేను ఎదురుగా కూర్చున్నాను. పది రోజులుగా అడగాలనుకుంటున్న మాట అడిగాను.

"నేను లేచి చెబుతానని నీకు ఎలా తెలుసు?"

ఆవిడ దారం తెంపింది.

"తెలియదు. మీరు చెప్పరనుకునే వెళ్ళాను."

మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.